మస్తాన్ మెడలో సూది

కోవిడ్ వార్డులు ఎత్తేసి, మా రెండో అంతస్తును మళ్లీ మాకు అప్పగించిన ఏడాది అది. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి పెయిన్ క్లినిక్‌లో నర్సుగా అప్పటికి నాకు పదకొండేళ్ల సర్వీసు. పెయిన్ క్లినిక్ అంటే ఏమిటని మా చుట్టాలే ఇప్పటికీ అడుగుతుంటారు. గాయం మానినా నొప్పి పోని వాళ్లు, ఆసుపత్రులన్నీ తిరిగి తిరిగి విసిగిపోయిన వాళ్లు చివరికి వచ్చే చోటు అది. మత్తు డాక్టర్లు నడుపుతారు. ఆపరేషన్ థియేటర్లో మనిషిని మొత్తంగా నిద్రపుచ్చే విద్యనే ఇక్కడ ఒక్క నరాన్ని నిద్రపుచ్చడానికి వాడతారు. దాన్నే నర్వ్ బ్లాక్ అంటాం.

మా డాక్టర్ మాధవిగారు మంగళ, శుక్రవారాల్లో బ్లాకులు చేసేవారు. ట్రే సర్దడం, పేషెంటును పడుకోబెట్టడం, అయ్యాక దగ్గరుండి కనిపెట్టుకోవడం నా పని. ఈ పనిలో నన్ను మించినవాళ్లు నెల్లూరులో లేరని నాకో గర్వం ఉండేది. చేతి వేగం అలాంటిది. ఒక పేషెంటు లేచేలోపు రెండో ట్రే సిద్ధం. మస్తాన్ బాషా వచ్చాక ఆ గర్వం కాస్త దిగింది.

అతను ఒక శుక్రవారం పొద్దున సూళ్లూరుపేట నుంచి రైల్లో వచ్చాడు. వయసు ముప్పై అయిదు దాటి ఉండదు. ఆర్మీలో నాయక్‌గా పనిచేస్తుండగా సరిహద్దులో షెల్ పేలి కుడి చేయి దెబ్బతింది. పెన్షన్ మీద ఇంటికొచ్చి, అన్న నడిపే బట్టల షాపులో కూర్చుంటున్నాడు. వెంట భార్య రేష్మా, తల్లి ఖైరూన్‌బీ వచ్చారు. చేతిలోని ఇనుప ముక్కలు తీసేశారు, పుండ్లు మానాయి, మంట మాత్రం పోలేదు. దుప్పటి అంచు తగిలినా చేయి కాలిపోతున్నట్టు ఉంటుందట. దీన్ని మేం సీఆర్‌పీఎస్ అంటాం. దెబ్బ తగ్గిపోయినా నరాలు ఆ సంగతి ఒప్పుకోకుండా నొప్పి కబురు పంపుతూనే ఉండే జబ్బు.

ఈ వివరాలన్నీ చెప్పింది రేష్మానే. అతను కుర్చీని గోడకు జరుపుకుని, తలుపు కనిపించేలా కూర్చున్నాడు. నేను పేరు అడిగితే భార్య వైపు చూశాడు. మిలిటరీ వాడు గదా, నర్సుతో మాట్లాడటం నామోషీ కాబోలనుకున్నాను. మనిషిని చూసిన రెండు నిమిషాల్లో అంచనా కట్టేయడం నాకు అలవాటు. ఎక్కువసార్లు తప్పవుతుంది, అయినా మానలేదు.

డాక్టరుగారు అతనికి స్టెలేట్ గాంగ్లియన్ బ్లాక్ చేద్దామన్నారు. మెడ కింది భాగంలో, వెన్నుపూసల ముందు, చింతగింజ కంటే కొంచెం పెద్దగా ఒక నరాల ముడి ఉంటుంది. ప్రమాదం వచ్చినప్పుడు గుండె దడదడలాడటం, చెమటలు పట్టడం, చేతుల్లో రక్తనాళాలు బిగుసుకోవడం, ఇలాంటి కబుర్లు చాలావరకు దాని మీదుగానే వెళతాయి. అల్ట్రాసౌండ్ తెర మీద చూసుకుంటూ ఆ ముడి పక్కన మత్తుమందు వేస్తే చేతిలోని మంట తగ్గే అవకాశం ఉంది. సూది లోపల ఉండేది నాలుగైదు నిమిషాలే. కానీ పక్కనే పెద్ద రక్తనాళాలుంటాయి కాబట్టి పేషెంటు కదలకూడదు, దగ్గకూడదు, గుటక కూడా వేయకూడదు.

అతన్ని బల్ల మీద పడుకోబెట్టి తల ఎడమకు తిప్పాను. మెడ తుడిచాను. వందల మందికి వేసినట్టే ఆకుపచ్చ డ్రేప్ విదిలించి వేశాను. డ్రేప్ అంటే సూది వేసే చోట కన్నం ఉండి, చుట్టుపక్కలంతా కప్పేసే శుభ్రమైన గుడ్డ. అది మొహాన్ని కూడా కప్పుతుంది. గుడ్డ మొహం మీద పడిందో లేదో, మస్తాన్ ఒక్క ఉదుటున లేచాడు. చేయి విసిరిన విసురుకు ట్రే ఎగిరిపోయింది, నేను వెనక్కి పడ్డాను, మోచేయి ట్రాలీకి కొట్టుకుంది. అతను మూల గోడకు ఆనుకుని వణుకుతున్నాడు. డాక్టరుగారు అప్పుడే చేతులు కడుక్కుని లోపలికి వస్తున్నారు.

నాకు నొప్పికంటే కోపం ఎక్కువైంది. పదకొండేళ్లలో నా ట్రే కింద పడటం అదే మొదలు. అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, రాయకపోతే ఇది చెప్పడమే దండగ.

"మిలిటరీలో చేసినోడివి, సూదికి ఇంత భయమా?" అన్నాను.

అతను కిందపడిన గుడ్డనే చూస్తూ, మా క్లినిక్‌లో మొదటిసారి నోరు విప్పాడు.

"సూదికి కాదు సిస్టర్. మొహాన గుడ్డేసినారు గదా. నా పక్కనోడికి అట్నే కప్పినారు. నేను ఆడే పడున్నా, లేవలేకుండా. తర్వాత నాకే కప్పతారనుకున్నా."

డాక్టరుగారు ఆ రోజుకు బ్లాక్ వద్దని చెప్పి అతన్ని బయట కూర్చోబెట్టారు. నేను కింద పడ్డవన్నీ ఏరుకున్నాను. ఏరుతూ ఏడ్చాను.

మంచినీళ్ల దగ్గర రేష్మా కనిపించింది. క్షమించమని అడగడానికి వెళ్లాను. ఆమె నా మోచేయి చూసి తనే క్షమాపణ చెప్పింది. తర్వాత అసలు సంగతి బయటపెట్టింది. ఇంత దూరం చేయి నొప్పి కోసం రావడం ఒక సాకు మాత్రమే అంది.

సూళ్లూరుపేట వాళ్లకు రాకెట్ ప్రయోగమంటే పండగే. శ్రీహరికోట పక్కనే గదా. టైము దగ్గరపడితే షాపులు వదిలి అందరూ మిద్దెలెక్కుతారు. ముందు వెలుగు పైకి లేస్తుంది. శబ్దం రావడానికి ఇంకా కొంచెం సేపు పడుతుంది. ఆ కాస్త సేపు అందరూ ఊపిరి బిగబట్టి నిలబడతారు, ఆ తర్వాత కిటికీలు అదిరే మోత. గూడూరు పక్కన చిల్లకూరులో మా ఇంటి మిద్దె నుంచి కూడా వెలుగు కనిపిస్తుంది కానీ మోత ఆ స్థాయిలో ఉండదు. మస్తాన్‌కు మాత్రం ఆ రోజు గండం. ముందురోజే రైలెక్కి ఎటైనా పోయేవాడట. గూడూరు దాటి, మోత వినపడని ఏదో ఒక స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, అయిపోయిందని భార్య ఫోన్ చేశాక తిరిగి వచ్చేవాడట. ఊళ్లో కొందరు దీన్ని హాస్యం చేసేవాళ్లు.

ఒకసారి ప్రయోగం వాయిదా పడిందని ఎవరో చెబితే నమ్మి ఊళ్లోనే ఉండిపోయాడు. యూకేజీ చదివే కూతురు సానియాను బడి నుంచి తీసుకొస్తున్నాడు. ఎదురుగా వెలుగు లేచింది. దాని వెనక మోత వస్తుందని తెలుసు. అది వచ్చేదాకా ఆగలేకపోయాడు. పాప చేయి వదిలేసి పరిగెత్తాడు. ఎక్కడికో తనకే తెలియదు. లారీలు తిరిగే రోడ్డు పక్కన ఆ పిల్ల ఒంటరిగా నిలబడి ఏడుస్తుంటే పండ్లు అమ్మే ఆమె ఇంటికి తీసుకొచ్చింది. ఆ రోజు నుంచి మస్తాన్ పాపను తాకడం మానేశాడు. ఎవరో అడ్డం చెప్పి కాదు. నా దగ్గర వదిలిపెట్టొద్దు అని తనే భార్యకు చెప్పాడు.

"చెయ్యి నొప్పి అట్నే ఉన్నా సర్దుకుంటాం సిస్టర్," అంది రేష్మా. "ఆ బిడ్డని బడికి తోలకపోయి తోలకొస్తే చాలు. నాన్నకి నేనంటే ఇష్టం లేదా అని అడగతా ఉంది. నేనేం చెప్పేది?"

ఈ మాటలు డాక్టరుగారికి చేరవేశాను. యుద్ధాల్లోనో ప్రమాదాల్లోనో ప్రాణం మీదికి వచ్చి బయటపడ్డ వాళ్లకు ఆ భయం లోపలే ఉండిపోయి మళ్లీ మళ్లీ తిరగబెట్టే జబ్బు ఒకటుంది, పీటీఎస్‌డీ అంటారు. కుడివైపు మెడలో వేసే ఇదే బ్లాకును ఈ జబ్బున్న సైనికులకు కూడా కొన్నిచోట్ల వేస్తున్నారని ఆవిడకు తెలుసు. కొందరికి బాగా పనిచేసింది, కొందరికి చేయలేదు. అది పెద్దలంతా ఒప్పుకుని ఖాయం చేసిన వైద్యం కాదు. ఈ సంగతి దాచకుండా మస్తాన్‌కు చెప్పారు. మా అంతస్తులోనే ఉన్న సైకియాట్రిస్టుగారి దగ్గరికి పంపారు. పిచ్చి డాక్టరు దగ్గరికి నేనెందుకు పోవాలని మస్తాన్ మొండికేశాడు. నీ చేయి నరాలకు ఒక డాక్టరు, నిద్రకు ఒక డాక్టరు అనుకో అని ఎలాగో ఒప్పించారు. మాటలతో చేసే చికిత్స ఆయన మొదలుపెడతారు, భయం కొంచెం దిగితే ఆ మాటలు లోపలికి వెళతాయేమో చూద్దాం, బ్లాక్ అందుకు సాయం, అంతే అని డాక్టర్లిద్దరూ ఒక మాట మీదికి వచ్చారు.

తర్వాతి శుక్రవారం నేను పని చేసిన తీరు నాకే కొత్త. డ్రేప్ వేయలేదు. మెడ దగ్గర మాత్రం చిన్న గుడ్డముక్కలు నాలుగు అంటించాను. అతని కళ్లకు ఎదురుగా రేష్మాను కూర్చోబెట్టాను. ప్రతిదీ చేసేముందు నోటితో చెప్పాను. ఇప్పుడు చల్లటి దూది తగులుతుంది. ఇప్పుడు నా చేయి మీ భుజం మీద పెడుతున్నాను. ఆగమని చెప్పాలంటే ఎడమ చేతి వేలు ఎత్తండి. మామూలుగా నేను మూడు నిమిషాల్లో ముగించే పనికి పావుగంట పైనే పట్టింది. డాక్టరుగారు తొందర పెట్టలేదు. మస్తాన్ రెండుసార్లు వేలెత్తాడు, రెండుసార్లూ ఆగాం. మూడోసారి సూది చేరాల్సిన చోటికి చేరింది.

పది నిమిషాలకు అతని కుడి కనురెప్ప సగం వాలింది. కన్ను ఎర్రబడింది, ముక్కు దిబ్బడ వేసింది, కుడి అరచేయి వెచ్చబడింది, గొంతు బొంగురుపోయింది. చూసేవాళ్లకు కంగారుగా ఉంటుంది కానీ మాకది శుభవార్త. మందు సరైన చోట పడిందని గుర్తు. ఏడెనిమిది గంటల్లో అన్నీ సర్దుకుంటాయి. అతను కళ్లు తిప్పి గది అంతా చూశాడు. లోపల ఎప్పుడూ తిరిగే మోటారు ఆపేసినట్టుంది అన్నాడు. రికవరీ గదిలో కుర్చీ గోడకు జరుపుకోకుండానే కూర్చుని అలాగే నిద్రపోయాడు. పాప బడి వదిలే టైముకు చేరుకోవాలని రేష్మా ముందు రైలుకు వెళ్లిపోయింది. అతన్ని తర్వాతి రైల్లో తల్లి తీసుకెళ్లింది.

అక్కడ రెండో తప్పు చేశాను. కన్ను వాలుతుందని మస్తాన్‌కు చెప్పాను, రేష్మాకు చెప్పాను, ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం అతని జేబులో పెట్టాను. ఖైరూన్‌బీ వరండాలో నమాజు చేసుకుంటోంది. ఆమెకు ఒక్క ముక్క చెప్పాలని నాకు తోచలేదు.

రైల్లో ఆమె కొడుకు మొహం చూసింది. కన్ను వాలింది. మాట తేడాగా వస్తోంది. మా వైపు ఈ రెండూ కనిపిస్తే ఎవరికైనా తట్టేది ఒకటే, పక్షవాతం. అతను నచ్చజెప్పబోయాడు, ఆ బొంగురు గొంతు విని ఆమె ఇంకా గుండెలు బాదుకుంది. పక్షవాతానికి మా ఊళ్లలో పావురం నెత్తురు రాస్తారు. రైల్లోంచే పెద్దకొడుక్కు ఫోన్ చేసి పావురాన్ని సిద్ధం చేయమంది. వాళ్లు ఇల్లు చేరేసరికి దొరకలేదు. వెతికి వెతికి సాయంత్రానికి పులికాట్ సరస్సు అంచున ఏదో ఊరి నుంచి ఒకటి తెచ్చారు. దాన్ని కోసేలోపు మస్తాన్ కన్ను పూర్తిగా తెరుచుకుంది. పావురం గడపలో కాలు పెట్టగానే జబ్బు పారిపోయిందని ఇరుగుపొరుగంతా నిర్ధారించేశారు. రేష్మా ఫోన్‌లో ఇదంతా చెబుతూ నవ్వింది. నేనూ నవ్వాను.

నవ్వు పది రోజుల్లో ఆగిపోయింది. మొదటి వారం మస్తాన్ బాగా నిద్రపోయాడు, సైకియాట్రిస్టుగారితో మాట్లాడాడు, చేయి మంట కూడా సగం తగ్గింది. పదో రోజు నుంచి లోపలి మోటారు మళ్లీ మొదలైంది. ఇంకొక బ్లాక్ వేస్తే ఎక్కువ కాలం నిలవవచ్చని డాక్టరుగారు అన్నారు. ఖైరూన్‌బీ ససేమిరా అంది. పక్షవాతం తెప్పించిన సూదిని మళ్లీ వేయించనని, కొడుకు ఆ గడప తొక్కితే తను ముద్ద ముట్టనని చెప్పింది. సరిహద్దు నుంచి ప్రాణాలతో వచ్చిన బిడ్డ గదా. ఆమె మాట దాటే ధైర్యం మస్తాన్‌కు లేదు.

ఆ ఆదివారం సూళ్లూరుపేట వెళ్లాను. ఆసుపత్రి పంపలేదు, చార్జీలు నావే, మా ఆయన సణుగుడు అదనం. ఖైరూన్‌బీ టీ ఇచ్చింది కానీ మొహం ముడుచుకునే ఉంది. నరాల ముడి గురించి నాకొచ్చినంతలో వివరించాను. కన్ను వాలడం మాకు మంచి గుర్తని, అది వాలకపోతేనే మేం దిగులు పడతామని చెప్పాను. ఆమె అంతా విన్నది.

"ఈ ముక్క ఆ పొద్దే నాకు చెప్పుంటే ఏం పొయ్యేదమ్మా?" అంది. "నేను చదువుకోలేదనా? రైల్లో రెండు గంటలు వాడి మూతి వంకర పోతందేమోనని చూస్తా కూచున్నా. ఆ రెండు గంటలు నీకు తెలీదు."

తప్పు నాదేనమ్మా అన్నాను. అది మర్యాద కోసం అన్న మాట కాదు. ఆమె నా చేతిలోని టీ గ్లాసు తీసుకుని, సరే వేయించండి, కానీ పావురాన్ని వెంట తెచ్చుకుంటాను అంది. డాక్టరుగారికి ఫోన్ చేసి భయం భయంగా అడిగాను. ఆవిడ నవ్వాపుకుంటూ గేటు లోపలికి మాత్రం వద్దన్నారు. అలా రెండో బ్లాక్ రోజు గేటు బయట మా వాచ్‌మన్ గదిలో గంపకింద ఒక పావురం కూర్చుంది. లోపల మస్తాన్ ఒక్కసారి కూడా వేలెత్తలేదు. ఈసారి అతని ఎదురుగా ఖైరూన్‌బీనే కూర్చోబెట్టాను. కనురెప్ప వాలుతుంటే దగ్గరుండి చూపించాను. పావురాన్ని సాయంత్రం వదిలేశారని విన్నాను.

తర్వాత నాలుగైదు నెలలు మస్తాన్ సైకియాట్రిస్టుగారి దగ్గరికి క్రమం తప్పకుండా వచ్చాడు. మా వైపు వచ్చి పలకరించి వెళ్లేవాడు. పాప సంగతి అడిగితే ఇంకా ధైర్యం చాలడం లేదనేవాడు. ఈలోగా ప్రయోగం తేదీ ఒకటి వచ్చింది. ఈసారి రైలెక్కకుండా ఊళ్లోనే ఉండి చూస్తానని అతను సైకియాట్రిస్టుగారితో ఒప్పుకున్నాడట. ఆ రోజు పొద్దున చిల్లకూరు మిద్దె మీద నిలబడి ఆ వెలుగు చూశాను. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం మస్తాన్ ఎలా ఉన్నాడో అనుకుంటూ నిలబడ్డాను. ఫోన్ చేయడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

మూడు రోజుల తర్వాత శుక్రవారం అతను రివ్యూకి వచ్చాడు. పక్కన రెండు జడల పిల్ల. రేష్మా కోసం అటూ ఇటూ చూశాను, రాలేదు. ఖైరూన్‌బీ కూడా రాలేదు. తండ్రీ కూతుళ్లిద్దరే రైల్లో వచ్చారు. నేను అడక్కముందే అతనే మొదలుపెట్టాడు. షాపు మిద్దె మీద అందరి మధ్య, పాపను తాకకుండా పక్కనే నిలబడ్డాడు. వెలుగు లేచింది. మోత వచ్చేదాకా ఆగగలననే అనుకున్నాడు.

"ఆగలేకపోయినా సిస్టర్," అన్నాడు. "మోత రాకముందే పరిగెత్తినా. మెట్లు దిగి షాపులో గుడ్డల మూటల వెనక్కి పొయ్యి కూచున్నా. వణుకు తగ్గినాక చూసుకుంటే పాప నా చంకలో ఉంది. ఎప్పుడు ఎత్తుకున్నానో నాకే తెలీదు."

ఏ చేత్తో అని అడిగాను. కుడి చేయి చాపి చూపించాడు. నేను ఏడుస్తానని అతనికి ముందే తెలిసినట్టుంది, మొహం తిప్పుకున్నాడు. పాప మాత్రం గుర్రుగా ఉంది. క్లాసులో అందరూ రాకెట్ చూశారని, తను గుడ్డల మూటలు తప్ప ఏమీ చూడలేదని నాకు ఫిర్యాదు చేసింది.

కేసు షీట్‌లో ఫలితం రాయడానికి మూడే గడులు ఉంటాయి. పూర్తిగా, కొంత, ఏమీ లేదు. డాక్టరుగారు 'కొంత' దగ్గర టిక్ పెట్టారు. అది నిజమే. చేయి మంట సగమే తగ్గింది, ప్రయోగం రోజు అతను ఇప్పటికీ పరిగెత్తుతాడు, రేపు మళ్లీ బ్లాక్ అవసరం కావచ్చు. ఆ సూది అద్భుతం చేస్తుందని నేను ఎవరికీ చెప్పను, మస్తాన్ కూడా చెప్పడు. నేను నేర్చుకున్నది చిన్న సంగతి. ఇన్నేళ్లూ నేను నా చేతి వేగాన్ని చూసి మురిశాను తప్ప, బల్ల మీద పడుకున్న మనిషి ఏం మోసుకొచ్చాడో, వరండాలో కూర్చున్న తల్లి ఏం చూసి భయపడుతుందో అడగలేదు. అడగడానికి పావుగంట చాలు. ఇప్పుడు అడుగుతున్నాను. రోజుకు రెండు కేసులు తగ్గుతున్నాయని పైవాళ్లు అంటే అననీ అనుకుంటాను.

ఆ శుక్రవారం వాళ్లు వెళ్లేటప్పుడు నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. కింద రోడ్డు మీద ఎప్పటిలాగే లారీలు, ఆటోలు. మస్తాన్ అంచున ఆగి, రెండు వైపులా చూసి, పాప చేయి పట్టుకుని రోడ్డు దాటాడు.